సూర్యరశ్మి తగ్గింపు ప్రతిపాదన: వర్షాధార సేద్యం దృష్ట్యా పరిశీలన

భూమిని చేరే సూర్యరశ్మిలో కొంత భాగాన్ని తిరిగి అంతరిక్షంలోకి మళ్ళించి భూతాపాన్ని తగ్గించాలనే ప్రతిపాదనను సౌర జియోఇంజనీరింగ్ అంటారు. 2006లో నోబెల్ గ్రహీత పాల్ క్రుట్జెన్ వ్యాసం ప్రచురితమైన తరువాత ఇది శాస్త్ర చర్చలో ప్రముఖ స్థానం పొందింది. చర్చ ఎక్కువగా ఉష్ణోగ్రత చుట్టూ సాగుతున్నది. మెట్ట రైతుకు మాత్రం మొదటి ప్రశ్న వాన గురించినది.

పనిచేసే విధానం

1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం సుమారు ఒకటిన్నర నుండి రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడును స్ట్రాటోస్ఫియర్‌లోకి వెదజల్లింది. దాని నుండి ఏర్పడిన సూక్ష్మకణాలు సూర్యకాంతిని పరావర్తనం చేయడంతో, మరుసటి సంవత్సరం ప్రపంచ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.5 డిగ్రీల సెల్సియస్ తగ్గింది. ఇదే ఫలితాన్ని విమానాల ద్వారా సాధించాలన్నది ప్రతిపాదన. ఈ కణాలు ఒకటి రెండు సంవత్సరాలలో కిందికి దిగిపోతాయి కనుక నిరంతరం చల్లవలసి ఉంటుంది. కార్బన్ డయాక్సైడు తగ్గకుండా చల్లడం హఠాత్తుగా ఆపితే, అణగి ఉన్న తాపం కొద్ది సంవత్సరాలలోనే పెరుగుతుంది.

మేఘమథనంతో భేదం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకంలో అనంతపురం వంటి కరవు జిల్లాలలో మేఘమథనం చేపట్టారు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ 2009 నుండి జరిపిన మేఘ పరిశీలనలకు హైదరాబాదు కూడా ఒక విమాన స్థావరం. మేఘమథనం ఉన్న మేఘంపై కొన్ని గంటలు మాత్రమే పనిచేస్తుంది. సౌర జియోఇంజనీరింగ్ ప్రభావం దేశాల సరిహద్దులు దాటి సంవత్సరాల తరబడి ఉంటుంది. రైతులు ఈ రెండింటినీ ఒకటిగా భావించకుండా విస్తరణ శాస్త్రవేత్తలు స్పష్టం చేయాలి.

రుతుపవనాలపై ప్రభావం

తెలంగాణ వార్షిక వర్షపాతంలో సుమారు 80 శాతం నైరుతి రుతుపవనాల నుండే లభిస్తుంది. భూతలాన్ని చేరే సూర్యరశ్మి తగ్గితే నీటి ఆవిరి తగ్గి, వర్షం కూడా తగ్గుతుంది. పెరిగిన తాపాన్ని పూర్తిగా సూర్యరశ్మి తగ్గింపుతోనే సరిచేస్తే ప్రపంచ సగటు వర్షపాతం పూర్వస్థాయి కంటే తగ్గుతుందని, ప్రస్తుతం బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఉన్న గోవిందస్వామి బాల, సహ పరిశోధకులతో కలిసి 2008లో నమూనాల ద్వారా చూపారు. కణాలను ఎక్కడ చల్లుతారన్నది మరింత కీలకం. ఉత్తరార్ధగోళంలో మాత్రమే చల్లితే ఆ భాగం అధికంగా చల్లబడి, వర్షపు పట్టీ దక్షిణానికి జరుగుతుంది; ఫలితంగా మన రుతుపవన వర్షాలు క్షీణిస్తాయి. రెండు అర్ధగోళాలలో సమంగా చల్లితే ఈ ముప్పు తగ్గుతుంది.

పంటలపై ప్రభావం

పినటుబో, ఎల్ చిచోన్ విస్ఫోటనాల అనంతర దిగుబడులను విశ్లేషించిన 2018 నాటి అధ్యయనం, చల్లదనం వల్ల కలిగే లాభాన్ని కాంతి తగ్గుదల వల్ల కలిగే నష్టం దాదాపు హరిస్తుందని తేల్చింది. పైగా గాలిలోని కార్బన్ డయాక్సైడు అలాగే ఉంటుంది. అది పెరిగితే వరి, గోధుమ గింజలలో జింకు, ఇనుము, మాంసకృత్తులు తగ్గుతాయని క్షేత్ర ప్రయోగాలు నిరూపించాయి. అంటే ఈ సమస్య సంతోష్‌నగర్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థకు ఎంత సంబంధించినదో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకూ అంతే సంబంధించినది.

వాదప్రతివాదాలు

ఉద్గారాల తగ్గింపు మందకొడిగా సాగుతున్నందున కనీసం పరిశోధన అవసరమని సమర్థకుల వాదం. ఇది ఉద్గారాల తగ్గింపు బాధ్యతను నీరుగారుస్తుందని, ప్రపంచమంతటికీ న్యాయంగా నిర్ణయించగల వ్యవస్థ లేదని విమర్శకుల వాదం. స్వీడన్‌లో తలపెట్టిన హార్వర్డ్ బెలూన్ పరీక్ష సామీ ఆదివాసుల అభ్యంతరంతో 2021లో నిలిచిపోయింది. 2024లో ఆ ప్రయోగాన్నే విరమించారు. అదే సంవత్సరం నైరోబీలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభలో దీనిపై ఏకాభిప్రాయం కుదరక తీర్మానాన్ని ఉపసంహరించుకున్నారు.

ముగింపు

ఏ నమూనా అధ్యయనాన్ని చదివినా విద్యార్థులు మూడు ప్రశ్నలు వేయాలి: కణాలను ఎక్కడ చల్లినట్లు భావించారు? జూన్ నుండి సెప్టెంబరు వరకు వర్షపాతం, వర్షాల మధ్య బెట్ట ఎలా మారాయి? చల్లడం ఆపితే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు తృప్తికరమైన సమాధానం లభించేవరకు నీటి కుంటలు, స్వల్పకాలిక రకాలు, కందితో అంతర పంటలు, ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికలే మన రైతుకు నమ్మదగిన ఆసరా.