ఆలోచన ముందా, ఆచరణ ముందా?

పదిమందికి సంబంధించిన కార్యాన్ని పదిమందితో ఆలోచించి చేయాలని పెద్దలు చెబుతారు. అయితే సభ తీర్చినంత మాత్రాన ఆలోచన జరిగినట్లు కాదు. ఈ భేదాన్ని శ్రీమద్రామాయణ యుద్ధకాండలోని రెండు సభలు చక్కగా తెలుపుతున్నాయి.

మొదటిది రావణుని సభ. హనుమంతుడు లంకను దహించి వెళ్లిన పిమ్మట రావణుడు మంత్రులను రావించి, మంత్రాలోచన మూడు విధాలని తానే వివరించాడు. శాస్త్రదృష్టితో అందరూ ఏకాభిప్రాయులు కావడం ఉత్తమం. మొదట భేదించినా చర్చించి ఒక నిర్ణయానికి రావడం మధ్యమం. ఎవరి పట్టు వారిదై వాదులాడుకోవడం అధమం. లక్షణం ఇంతగా తెలిసినవాడే, ప్రహస్తాదుల ప్రగల్భాలకు సంతోషించాడు. సీతను అప్పగించమన్న తమ్ముణ్ణి పరుషంగా నిందించాడు. విభీషణుడు నలుగురు అనుచరులతో లంకను విడిచాడు. కుంభకర్ణుడు అసలు దోషాన్ని సూటిగానే చూపాడు. సీతను తేవడానికి ముందే తమను అడగవలసిందనీ, చేసిన పిదప చేసే ఆలోచన వ్యర్థమనీ అతని అభిప్రాయం.

రెండవది సముద్రపు ఉత్తరతీరంలోని శ్రీరాముని సభ. విభీషణుడు శరణు కోరి ఆకాశంలో నిలిచి ఉన్నాడు. ఇతడు శత్రువు పంపినవాడు, వధించవలసిందేనని సుగ్రీవుడన్నాడు. రాముడు వెంటనే తీర్పు చెప్పక, తక్కినవారిని కూడా మాట్లాడమన్నాడు. గుణదోషాలు పరీక్షించాలని అంగదుడు, చారుని పంపాలని శరభుడు, దేశకాలాలు కానివేళ వచ్చినందున శంకించాలని జాంబవంతుడు, మెల్లగా ప్రశ్నించాలని మైందుడు పలికారు. హనుమంతుడు వారి ఉపాయాలలోని ఇబ్బందులను వినయంగా చూపి, ఇతని ముఖంలో, మాటలో కపటం లేదన్నాడు.

అందరి మాటా విన్న తరువాతనే రాముడు తన మనస్సును తెలిపాడు. సుగ్రీవుడు మళ్లీ ఆక్షేపించగా ఆగ్రహించలేదు. శరణు వచ్చిన శత్రువుకు తన మాంసాన్నే ఆహారంగా ఇచ్చిన కపోతం కథనూ, కండుమహర్షి వచనాన్నీ చెప్పి ఒప్పించాడు. చివరకు సుగ్రీవుడే విభీషణునితో స్నేహానికి సమ్మతించాడు. భిన్నాభిప్రాయం చెప్పినవారెవరూ ఆ సభలో చిన్నబోలేదు.

కార్యానికి ముందే అడగడం, పెద్ద చివర మాట్లాడడం, కాదన్నవానికి కోపంతో గాక కారణంతో బదులివ్వడం: ఈ మూడూ ఉన్నదే ఆలోచన. ఆలయ జీర్ణోద్ధరణకైనా, అన్నదమ్ముల ఆస్తి పంపకానికైనా ఇదే పద్ధతి.

మన ఇళ్లలో ఆడపిల్ల వివాహం నిశ్చయించేటప్పుడు దీనిని మరీ గుర్తుంచుకోవాలి. కట్నకానుకలు, ముహూర్తం, బంధువుల మర్యాదలు అన్నీ మాట్లాడుకొని, తాంబూలాలు పుచ్చుకున్న తరువాత "నీకిష్టమేనా తల్లీ?" అని అడిగితే, ఆ బిడ్డ ఏమని చెప్పగలదు? తలవంచుకొని ఊరకుంటే దానిని అంగీకారమని అనుకొంటాము. ఆ ప్రశ్న మొదట అడగవలసినది; కాదంటే ఆగగలిగిన రోజున అడగవలసినది.