థ్రిల్లర్ తొలి దృశ్యం: ప్రేక్షకుడికి ఎంత తెలియాలి?

థ్రిల్లర్ అనగానే చీకటి వీధి, వాన, ఉన్నట్టుండి హోరెత్తే నేపథ్య సంగీతం గుర్తుకు రావడం సహజమే గాని, ఆ కోవలో పేరుపడ్డ చిత్రాల ప్రారంభాలను నిదానంగా చూస్తే ఈ సరంజామా లేకుండానే అవి పని కానిచ్చుకున్నాయని అర్థమవుతుంది. ఆ తొలి నిమిషాల్లో దర్శకుడు తేల్చుకోవలసిన అసలు విషయం, ప్రేక్షకుడికి ఎంత తెలియాలి, తెరమీది మనిషికి ఎంత తెలియాలి అన్నది. ఈ రెండింటి మధ్య మిగిలే తేడాయే ఒకచోట ఆందోళనగా, మరొకచోట అనుమానంగా, ఇంకొకచోట జాలిగా మారుతుంది; కెమెరా కదలిక, వెలుగునీడలు, శబ్దం, కూర్పు ఆ తేడాను కొలతవేసి పంచిపెట్టే పనిముట్లు.

ఫ్రిట్జ్ లాంగ్ 1931లో జర్మనీలో తీసిన ‘ఎమ్’ ఇందుకు తొలినాటి ఉదాహరణ. అది ఆయనకు మొదటి టాకీ అయినప్పటికీ, శబ్దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ మానాలో అప్పటికే తెలిసిన చేయి అందులో కనిపిస్తుంది. తెర ఇంకా నల్లగా ఉండగానే ఒక పాప గొంతు వినబడుతుంది. ఆ తరువాతే కెమెరా హై యాంగిల్‌లో, అంటే ఎత్తునుంచి కిందికి చూస్తూ, వలయంగా నిలబడ్డ పిల్లలను చూపిస్తుంది. హంతకుడి మీద కట్టిన పాట పాడుకుంటూ ఒక్కొక్కరినీ ఆటలోంచి తప్పిస్తున్న ఆ పిల్లలకు అది ఆటే గాని, వినేవారికి కాదు. కొంతసేపటికి బడినుంచి వస్తున్న ఎల్సీ అనే పాప, హంతకుడిని పట్టిస్తే బహుమతి ఇస్తామన్న ప్రకటనకేసి బంతి కొడుతూ ఉండగా, ఆ కాగితం మీదే ఒక మగవాడి నీడ వచ్చి పడుతుంది. అతని ముఖం కనబడదు, పలకరింపు మాత్రం మెత్తగా ఉంటుంది. ఇంటి దగ్గర తల్లి పిలుపు వినిపిస్తుండగా నిర్మానుష్యమైన మెట్లు, బట్టలు ఆరేసిన అటక, ఎవరూ కూర్చోని భోజనపు బల్ల వరుసగా వస్తాయి. చివరకు దొర్లుకుంటూ వచ్చి ఆగిన బంతి, తీగలకు చిక్కుకున్న బెలూన్ కనిపిస్తాయి. హత్యను ఎక్కడా చూపకుండా, ఖాళీ చోట్లను పక్కపక్కన పేర్చి ఆ కబురును ప్రేక్షకుడి చేతనే పూర్తి చేయించడం ఈ కూర్పులోని నేర్పు.

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో జరిపిన ప్రసిద్ధ సంభాషణల్లో ఈ సూత్రాన్ని ఒక బాంబు సాయంతో వివరించారు. బల్లకింద బాంబు ఉన్నదని ఎవరికీ తెలియకుండా అది పేలితే ప్రేక్షకుడు కొన్ని క్షణాలు ఉలిక్కిపడతాడు. ముందే ప్రేక్షకుడికి మాత్రం తెలియజేసి, బల్ల దగ్గర కూర్చున్నవారిని పిచ్చాపాటీ మాట్లాడుకోనిస్తే, అదే సన్నివేశం నిమిషాల తరబడి ఉత్కంఠతో నడుస్తుంది. ఈ సూత్రం తెరమీద చక్కగా రూపుకట్టిన చోట్లలో ఒకటి, ఆర్సన్ వెల్స్ 1958లో తీసిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ ప్రారంభం.

మొదటి షాట్‌లోనే రెండు చేతులు బాంబుకు అమర్చిన గడియారాన్ని తిప్పుతాయి. ఆ మనిషి పరుగెత్తి ఒక కారు డిక్కీలో దాన్ని పెట్టి మాయమవుతాడు. సంగతి తెలియని ఒక జంట వచ్చి కారెక్కుతుంది. అక్కడినుంచి క్రేన్ మీద ఉన్న కెమెరా ఇంటి కప్పుల మీదుగా పైకి లేచి, వీధిలోకి దిగి, వెనక్కి వెనక్కి జరుగుతూ, మూడు నిమిషాల పైచిలుకు సేపు ఒక్క కట్ కూడా లేకుండా సాగుతుంది. కట్ అంటే ఒక షాట్‌ను ఆపి మరొకదానికి మారడం. అలా మారిన ప్రతిసారీ కాలాన్ని కుదించడానికో సాగదీయడానికో దర్శకుడికి వెసులుబాటు దొరుకుతుంది. ఆ వెసులుబాటును వెల్స్ కావాలనే వదులుకోవడం వల్ల, బాంబు గడియారంలో గడిచే కాలమూ ప్రేక్షకుడి కాలమూ ఒకటైపోతాయి. ఛాయాగ్రాహకుడు రసెల్ మెట్టీ పనితనంతో అదే షాట్‌లోకి కొత్తగా పెళ్లయిన మరో జంట నడిచి వస్తుంది. వారు కారుకు దగ్గరవుతారు, దూరమవుతారు, మేకల మంద అడ్డొచ్చి కారు ఆగితే మళ్లీ దాని పక్కకే చేరతారు. సరిహద్దు తనిఖీ దగ్గర ఉద్యోగులు పలకరించే తీరును బట్టి ఆ భర్త పేరున్న మెక్సికన్ అధికారి అనీ, భార్యకు చాక్లెట్ సోడా ఇప్పించడానికి బయలుదేరాడనీ తెలుస్తుంది. పాత్ర పరిచయమంతా ఇంతే, అదీ దారిన పోతూ. కారులోని స్త్రీ తన తలలో ఏదో టిక్‌టిక్‌మంటున్నదని చెప్పినా ఎవరూ పట్టించుకోరు.

ఈ షాట్‌కు రెండు రూపాలు ఉండడం సినిమా విద్యార్థులకు అనుకోకుండా దొరికిన ప్రయోగశాల. 1958లో స్టూడియో దీనిమీద పేర్లు వేసి, హెన్రీ మాన్సినీ సంగీతాన్ని మొదటినుంచి చివరిదాకా నడిపించింది. వెల్స్ తన అభ్యంతరాలతో స్టూడియోకు 58 పేజీల లేఖ రాసినా అప్పట్లో ఫలితం అంతంతమాత్రమే; ఆ లేఖ ఆధారంగా 1998లో వాల్టర్ మర్చ్ చిత్రాన్ని తిరిగి కూర్చినప్పుడు పేర్లూ నేపథ్య సంగీతమూ తొలగిపోయి, వాటిచోట ఆ వీధిలోనే పుట్టే శబ్దాలు, అంటే దారిపొడుగునా ఉన్న క్లబ్బుల పాటలు, కారు రేడియో వచ్చి చేరాయి. బాంబున్న కారు తెరమీద లేనప్పుడు కూడా దాని రేడియో వినబడి అది దగ్గరకు వస్తున్నదని ప్రేక్షకుడు గ్రహిస్తాడు. మాన్సినీ బాణీ హుషారైనదే, దాన్ని ఇష్టపడేవారూ తక్కువేం కాదు. అయినా ఆ సంగీతం ఇది నేరకథ అని చాటి ఊరుకుంటుంది, రేడియో మాత్రం ప్రమాదం ఎంత దూరంలో ఉందో చెబుతుంది.

పాత్రను మాటలతో పనిలేకుండా నిలబెట్టిన ప్రారంభం చూడాలంటే హిచ్‌కాక్ 1954 నాటి ‘రియర్ విండో’ దగ్గరికి రావాలి. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో ఒక పెరటి ఆవరణ, దాని చుట్టూ ఇళ్లు, అన్నీ పారామౌంట్ స్టూడియోలో వేసిన సెట్టే. పొద్దుటి వెలుగులో కెమెరా పాన్ చేస్తూ, అంటే ఉన్నచోటునుంచే మెల్లగా పక్కకు తిరుగుతూ, ఇరుగుపొరుగు కిటికీలన్నీ చుట్టివస్తుంది. ఉష్ణమాపకం 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి ఉంటుంది. బెజవాడ ఎండలు ఎరిగినవారికి అది ఒక లెక్కలోనిది కాకపోయినా, కథకు ఆ ఉక్కపోత ప్రాణం, ఎందుకంటే అందరి కిటికీలూ తెరిచి ఉండడానికీ, ఒక దంపతులు ఆరుబయట ఇనుప మెట్ల అరుగుమీద పడుకోవడానికీ అదే కారణం. ఇదంతా జరుగుతున్నప్పుడు కథానాయకుడు జెఫ్ కిటికీకి వీపు పెట్టి, నుదుటిమీద చెమటతో నిద్రపోతూ ఉంటాడు. పక్కింటి కిటికీల్లోకి తొంగిచూసే అలవాటు అతనికంటే ముందే ప్రేక్షకుడికి అంటుకున్నదన్నమాట!

తరువాత కెమెరా జెఫ్ కాలికి ఉన్న పిండికట్టు మీదికి వస్తుంది. దానిమీద అతని పేరుతో ఒక వెటకారపు రాత ఉంటుంది. పక్కనే పగిలిపోయిన కెమెరా, దాని వెనక గోడమీద రేసు కారు ప్రమాదం ఫొటో, అందులో ఊడిపోయిన చక్రం ఎదురుగా ఉన్నవాడి మీదికే దూసుకొస్తూ ఉంటుంది. కాలు ఎలా విరిగిందో, ఎవరి చేతిలో ఏ కెమెరా ఉందో, ఆ మనిషి ఫొటో కోసం ఎంతకు తెగిస్తాడో అంతా ఈ మూడింటితోనే తేలిపోతుంది. మంటలూ పేలుళ్ల ఫొటోలు దాటాక, ఫ్రేము కట్టిన ఒక స్త్రీ ముఖం నెగెటివ్‌గా, నలుపు తెల్లగా తెలుపు నల్లగా కనబడుతుంది. అదే బొమ్మ సరైన రూపంలో కింద పేర్చిన పత్రికల అట్టమీద ఉంటుంది. సాహసాన్ని గోడకెక్కించుకున్నవాడు ఆడమనిషి ముఖాన్ని మాత్రం తలకిందులైన వెలుగులో ఉంచుకోవడం, గ్రేస్ కెలీ పోషించిన ప్రేయసి పాత్ర రాకముందే, ఆ అనుబంధంలో ఏదో చిక్కుందని సూచిస్తుంది.

అదే దర్శకుడు 1951లో ‘స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రెయిన్’ను బూట్లతో మొదలుపెట్టాడు. రెండు రంగుల ఆడంబరపు జత ఒకవైపునుంచి, సాదా జత మరొకవైపునుంచి రైలు దగ్గరికి నడిచి, పెట్టెలో ఒకదానికొకటి తగిలేదాకా ముఖాలు సరిగా కనబడవు. కాళ్లు ముందు, ముఖం తరువాత చూపించడం తెలుగు సినిమాలో హీరో ఎంట్రీకి ఈలలు పుట్టించే పద్ధతిగా స్థిరపడింది. ఇక్కడ మాత్రం అది ఇద్దరి స్వభావాలను ఎదురెదురుగా పెట్టి తూచడానికి పనికొచ్చింది.

‘సైకో’ ప్రారంభం వీటన్నిటికంటే టక్కరిది. ఫీనిక్స్ నగరం, శుక్రవారం, డిసెంబర్ 11, మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలు అని తెరమీద రాసి, పోలీసు రికార్డులాంటి నమ్మకాన్ని కలిగించి, కెమెరా ఒక కిటికీ తెర కిందుగా హోటల్ గదిలోకి దూరుతుంది. అక్కడ పరిచయమైన మేరియన్‌నే ఈ కథకు నాయిక అని ప్రేక్షకుడు స్థిమితపడిన తరువాత, సగం కథ కూడా నడవకముందే ఆమె హత్యకు గురవుతుంది. తొలి దృశ్యంలో చూపిన శ్రద్ధంతా ఆ నమ్మకం కుదరడానికే కాబట్టి, 1960లో ఈ చిత్రం విడుదలైనప్పుడు ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వకూడదని హిచ్‌కాక్ థియేటర్లకు షరతు పెట్టాడు.