దయాకుల అడవిలో ఎవరి ఆస్తి ఎవరిది?

భూమధ్యరేఖ బోర్నియో ద్వీపాన్ని ఇంచుమించు నడిమికి ఖండిస్తూ పోతుంది. గ్రీన్‌లాండు, న్యూగినీల తరువాత ప్రపంచంలో ఇదే పెద్ద దీవి. దీని వైశాల్యం సుమారు 7,43,000 చదరపు కిలోమీటర్లు. దక్షిణాన గల పెద్దభాగం ఇండోనీషియాకు చెందిన కాలిమంతాన్. ఉత్తరాన మలేషియాకు చెందిన సరవాక్, సబా రాష్ట్రాలు, చిన్న బ్రూనై రాజ్యం ఉన్నవి. ఈ దీవి లోపలి భాగాలలో నదుల వెంబడి కాపురముండే అనేక జాతులవారిని కలిపి దయాకులని పిలుస్తారు. ఇబాన్, బిదాయు, కాయాన్, కెన్యా మొదలైనవి వారిలోని తెగలు. వీరి భాషలు వేరు, ఆచారాలు వేరు. అయినప్పటికీ అడవి నరికి కొండవరి పండించడం, పొడవైన ఇళ్ళలో కలిసి నివసించడం వీరిలో చాలామందికి తరతరాలుగా వస్తున్న జీవన విధానం.

ఊరంతా ఒకే కప్పుకింద ఉండటం చూసిన కొందరు పరదేశీయులు వీరికి సొంత ఆస్తి అనేదే లేదనుకున్నారు. ఇళ్ళకు దూరంగా కనిపించే అడవిని చూసి, అది ఎవరిదీ కాదనుకున్నారు. ఈ రెండూ సరియైన అభిప్రాయాలు కావు. దయాకులలో దేనికి ఎవరు హక్కుదారులో చెప్పే కట్టుబాట్లు చాలా వివరంగా ఉన్నవి. వాటిని తెలుసుకోవాలంటే ముందు ఆ ఇంటిని, తరువాత ఆ నేలను పరిశీలించాలి.

ఒక కప్పు, అనేక కాపురాలు

సరవాక్‌లోని బాలే నది ఎగువభాగాన నివసించే ఇబానులను గురించి డెరెక్ ఫ్రీమన్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1949 నుండి 1951 వరకు వారి మధ్యనే ఉండి పరిశోధించాడు. ఇబానుల పొడవిల్లు నేలకు ఎత్తుగా, గుంజలమీద నిలిచి ఉంటుంది. కలిగినచోట ఈ గుంజలకు బెలియన్ అనే చెట్టు కలప వాడతారు. ఇది ఇనుమువలె గట్టిది. ఎంత తడిసినా త్వరగా పుచ్చదు. ఇంటి పొడవునా ఒక ప్రక్క గదులు వరుసగా ఉంటవి. ఒక్కొక్క గదిని బిలెక్ అంటారు. గదుల ముందు, ఈ కొసనుండి ఆ కొసవరకు అడ్డులేని వసారా ఉంటుంది. దానిపేరు రువాయ్. ఆ పైన ధాన్యం ఎండబెట్టుకొనే తెరపి అరుగు, ఇంటి కప్పుకింద ధాన్యం దాచుకొనే అటక ఉంటవి.

చూపులకు వసారా అందరిదీ. కాని అందులో ఏ గదికి ఎదురుగా ఉన్న భాగాన్ని ఆ గదివారే కట్టుకుంటారు, వారే బాగుచేసుకుంటారు. నేలపరచిన పలకలు, పైకప్పు, అటకమీది గాదె అన్నీ ఆ కుటుంబానివే. ఒక్కొక్క బిలెక్ కుటుంబానికి వేరు పొయ్యి, వేరు పొలం, వేరు ధాన్యం. తమ వంశానికే ప్రత్యేకమైన పవిత్రపు వరి విత్తనం కూడా ఉంటుంది. దానిని ప్రతి ఏడూ విత్తి, తిరిగి విత్తనం కట్టుకుంటూ తరువాతి తరానికి అందిస్తారు. అంతేకాక చైనానుండి వచ్చిన పాతకాలపు జాడీలు, కంచు జేగంటలు ఆ కుటుంబపు తరతరాల సొత్తు. పంట బాగా పండిన ఏళ్ళలో మిగిలిన ధాన్యాన్ని ఇచ్చి వీటిని సంపాదించేవారు. పడుచువాళ్ళు దూరప్రయాణాలు చేసి వచ్చేటప్పుడు కూడా వీటిని తెచ్చేవారు. పంట పోయిన ఏడు వాటిని మార్చి తిండిగింజలు తెచ్చుకోవచ్చు. కనుక మూలన కూర్చున్న జాడీ ఒక విధంగా నిలవ ఉంచిన ధాన్యమే.

ఈ ఆస్తి ఎవరికి చెందుతుంది? పిల్లలలో కనీసం ఒకరు, కొడుకైనా కూతురైనా సరే, పెళ్ళి అయిన తరువాత ఆ గదిలోనే నిలిచి ఉండాలి. ఇల్లు వారిది. పెళ్ళిచేసుకొని మరొక గదికి వెళ్ళినవారు అక్కడి హక్కులు పొంది ఇక్కడి హక్కులు వదులుకుంటారు. భర్త భార్య ఇంటికి వెళ్ళడం, భార్య భర్త ఇంటికి వెళ్ళడం ఇంచుమించు సమానంగా జరుగుతుందని ఫ్రీమన్ లెక్కవేశాడు. ఇల్లరికం వారిలో వింతకాదు, చిన్నతనమూ కాదు. ఆస్తి రక్తసంబంధాన్ని మాత్రమే అనుసరించి పోక, ఆ గదిలో నిలిచి పాటుపడినవారిని అనుసరించి పోతుందన్నమాట.

పలుచని గోడలు

ఇంతమాత్రాన పొడవిల్లు అనేది పక్కపక్కన అంటించిన వేరువేరు ఇళ్ళని కూడా అనుకోరాదు. పశ్చిమ కాలిమంతాన్‌లో సుమారు 700 మంది ఉన్న గెరాయ్ అనే దయాకు గ్రామంలో 1985 నుండి 1987 వరకు పరిశోధించిన క్రిస్టీన్ హెల్లివెల్ అనే శాస్త్రజ్ఞురాలు గదుల మధ్య ఉండే అడ్డుగోడలను శ్రద్ధగా గమనించింది. అవి సందులున్న పలుచని దడులు. ఒక గదిలోని దీపపు వెలుగు పక్కగదిలోకి పడుతుంది. ఒకరి మాట పది గదులకు వినిపిస్తుంది. ఎవరి ఇంట గింజలు నిండుకున్నవో, ఎవరికి జ్వరం వచ్చిందో చెప్పకుండానే అందరికీ తెలుస్తుంది. తెలిసిన తరువాత సాయపడకుండా ఉండటం కష్టం. వేటలో పెద్ద జంతువు దొరికితే మాంసం ఇంటింటికీ పంచుతారు. నాట్లకు, కోతలకు ఒకరి పొలంలో మరొకరు వంతులవారీగా పనిచేస్తారు. ఇబానులు దీనిని బెదురోక్ అంటారు. మన పల్లెల్లో బదులు పని అనేది ఇటువంటిదే.

కనుక ధాన్యం ఎవరిదో స్పష్టం. ఆ ధాన్యం ఉన్నవాడి బాధ్యత ఏమిటో కూడా అంతే స్పష్టం.

నేల ఎందుకు మారాలి?

ఇక పొలం సంగతి. దట్టమైన అడవిని చూస్తే ఆ నేల ఎంతో సారవంతమైనదని తోస్తుంది. నిజానికి ఉష్ణమండలపు వానఅడవులలో చాలాచోట్ల నేల నిస్సారమైనది. సారమంతా చెట్లలోనే ఉంటుంది. బోర్నియో లోతట్టున ఏటా 3000 నుండి 4000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నేలలో కరిగే లవణాలను ఆ నీరు కడిగి కిందికి తీసుకొనిపోతుంది. రాలిన ఆకులు వేడికి, తేమకు త్వరగా చివికిపోతవి. వాటిలోని పోషకాలు నేలలో నిలవకముందే పైపైన అల్లుకొన్న వేళ్ళు, వాటిని అంటిపెట్టుకొన్న శిలీంధ్రాలు పీల్చుకుంటవి. అడవి తన సొత్తును నేలలో దాచుకోక, తన ఒంటిమీదే మోస్తున్నదని చెప్పవచ్చు.

ఆ సొత్తును వరికి అందించే ఉపాయమే నరికి కాల్చడం. వానలు తగ్గిన నెలల్లో చెట్లు నరికి, ఎండిన తరువాత నిప్పుపెడతారు. బూడిదలోని పొటాషియం, కాల్షియం, భాస్వరం నేలకు చేరుతవి. నేలలోని ఆమ్లగుణం తగ్గుతుంది. పురుషులు మొన చెక్కిన కర్రలతో గుంటలు పొడుస్తూ ముందు నడుస్తారు. స్త్రీలు వెనుక నుండి ఆ గుంటల్లో విత్తనాలు వేస్తారు. ఒకటి రెండు పంటలకు బూడిద బలం తగ్గుతుంది, కలుపు పెరుగుతుంది. అప్పుడు ఆ చెక్కను బీడు వదిలి మరొక చోటికి పోతారు. తూర్పుకనుమలలోని పోడు వ్యవసాయం కూడా ఈ సూత్రం మీదనే ఆధారపడింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఒక కుటుంబం ఏటా 4 ఎకరాలు సాగుచేసి, ప్రతి చెక్కనూ 15 ఏళ్ళు బీడు వదులుతుందనుకుందాము. అప్పుడు ఆ కుటుంబానికి 16 చెక్కలు, అనగా 64 ఎకరాలు కావాలి. ఏ సంవత్సరం చూసినా వీటిలో 60 ఎకరాలు చెట్లతో నిండి, ఖాళీగానే కనిపిస్తవి. ఆ 60 ఎకరాలూ వాడుకలో లేవనుకొని మరొకరికి ఇచ్చివేస్తే బీడు కాలం తరిగిపోతుంది. నేల కోలుకోదు. పంట పడిపోతుంది. బీడు అనేది సాగులో ఒక భాగమేగాని సాగు లేకపోవడం కాదు.

గొడ్డలి ఇచ్చిన హక్కు

ఇబానుల కట్టుబాటు ప్రకారం ముదురు అడవిని మొదట నరికి సాగుచేసిన కుటుంబానికి ఆ చెక్కపై హక్కు కలుగుతుంది. బీడుపడినా ఆ హక్కు పోదు. దానిని తెముడా అంటారు. ఎక్కడైనా విత్తుకొనే స్వేచ్ఛ మాత్రం లేదు. పొడవిల్లు మొత్తానికి వాగులు, గట్లు హద్దులుగా గల ఒక పరిధి ఉంటుంది. దాని పేరు పెమకాయ్ మెనోవా. ఆ పరిధిలోనే కలప, రత్తన్ బెత్తం, వేట, మంచినీటి ఊటల కోసం నరకకుండా అట్టిపెట్టిన అడవి ఉంటుంది. దీనిని పులావ్ అంటారు. అది ఏ ఒక్కరిదీ కాదు, ఇంటి అందరిదీ.

చెట్ల హక్కు నేల హక్కుకు వేరుగా నడుస్తుంది. డూరియన్ చెట్టును నాటినవాడు పోయిన తరువాత అది వాని కొడుకులకు, కూతుళ్ళకు, వారి సంతానానికి ఉమ్మడిగా చెందుతుంది. ఈ చెట్టు మనిషికంటె ఎక్కువకాలం బ్రతుకుతుంది. అందువలన మూడు నాలుగు తరాలకు హక్కుదారులు పదులకొద్దీ అవుతారు. అందులో ఎవరికి పాలు ఉన్నదో తెలియాలంటే వంశం తెలియాలి. పశ్చిమ కాలిమంతాన్‌లో పాత పొడవిళ్ళు ఉండిన చోట్లు ఇట్టి పండ్లచెట్ల తోపులుగా మారి ఉన్నవి. వాటిని తెంబావాంగ్ అంటారు. కొత్తవారికి అవి అడవిగా తోస్తవి. ఊరివారికి అవి తాతముత్తాతల పేర్లు. 20వ శతాబ్దం తొలిభాగంలో రబ్బరుచెట్లు వచ్చినవి. రబ్బరు నాటిన నేల చాలా ఏళ్ళవరకు బీడుగా తిరిగిరాదు. దానితో కొన్ని చోట్ల ఉమ్మడి చెక్కలు నాటినవారి సొంత తోటలుగా స్థిరపడినవి.

కాగితమూ అడవీ

ఈ కట్టుబాట్లు తరతరాలుగా నోటిమాటగా వచ్చినవి. ప్రభుత్వాలు రాతను కోరుతవి. 1958 జనవరి 1న సరవాక్‌లో అమలులోకి వచ్చిన భూమి చట్టం స్థానికుల ఆచారపు హక్కులను ఒప్పుకున్నది. కాని సామాన్యంగా ఆ తేదీకి ముందే ఆ హక్కు ఏర్పడిందని చూపాలి. ముదురు అడవి నరికి స్వాధీనం చేసుకోవడం, పండ్లచెట్లు నాటడం, శ్మశానం మొదలైనవి అందుకు గుర్తులు. న్యాయస్థానాల్లో పాత విమాన ఛాయాచిత్రాలు సాక్ష్యంగా వచ్చినవి. వాటిలో నరికిన పొలం కనిపిస్తుంది. కాని కాపాడి ఉంచిన పులావ్ అడవి, ఎవరూ ముట్టని అడవి, పైనుండి ఒక్కటిగానే ఉంటవి. నరికినవాడి హక్కుకు సాక్ష్యం ఉన్నది. నరకక నిలిపినవాడికి లేదు.

2001లో సరవాక్ హైకోర్టు ఇబానుల పరిధిని, ఉమ్మడి అడవిని హక్కుగా గుర్తిస్తూ ఒక తీర్పు చెప్పింది. 2016 డిసెంబరులో మలేషియా ఫెడరల్ కోర్టు న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు ఆ ఆచారాలకు సరవాక్‌లో చట్టబలం లేదన్నారు. ప్రజలలో ఆందోళన కలిగింది. 2018లో భూమి చట్టాన్ని సవరించి, ఇట్టి ఉమ్మడి పరిధికి పట్టా ఇచ్చే వీలు కల్పించారు. ఇండోనీషియాలో 2013 మే నెలలో రాజ్యాంగ న్యాయస్థానం ఆచార సమాజాల అడవి ప్రభుత్వపు అడవి కాదని తీర్పు చెప్పింది. ఆ తరువాత ఏ అడవి ఏ సమాజానిదో గుర్తించి హద్దులు గీయవలసిన పని మిగిలింది.

ఈ హద్దుల ప్రాముఖ్యం బకూన్ ఆనకట్ట వలన స్పష్టంగా తెలుస్తుంది. ఆ ప్రాజెక్టు కొరకు 1998, 1999 సంవత్సరాలలో కాయాన్, కెన్యా మొదలైన తెగలకు చెందిన సుమారు పదివేలమందిని అసాప్ నది ప్రాంతానికి తరలించారు. అక్కడ కుటుంబానికి 3 ఎకరాల వంతున భూమి కేటాయించారు. ముందు వేసిన లెక్కలో ఒక్క ఏటి సాగుకే 4 ఎకరాలు కావలసి వచ్చినవి. బీడు వదలటానికి చోటు లేని నేలలో పాత పద్ధతి సాగదు. కొత్త చోట కొత్త పొడవిళ్ళు కట్టి ఇచ్చారు. అయితే ఇల్లు కట్టటానికి కొన్ని నెలలు చాలును. బీడు పెరగటానికి పదిహేనేళ్ళు, డూరియన్ తోపు ఏర్పడటానికి రెండు మూడు తరాలు కావాలి. నష్టపరిహారం లెక్కించేవారు నరికిన నేలనే కాక, ఆగి ఉన్న నేలను కూడా ఆస్తిగా లెక్కించినప్పుడే ఆ లెక్క సరిపోతుంది.