పొడి చర్మానికి ఫేస్ ప్యాక్: ఆరిపోయేదాకా ఎందుకు ఉంచకూడదు?

కార్తీక మాసం వచ్చేసరికి హైదరాబాద్, వరంగల్, ఆదిలాబాద్ వైపు గాలిలో తేమ తగ్గిపోతుంది. స్నానం చేసి వచ్చిన పది నిమిషాలకే ముఖం బిగదీసినట్టు ఉంటుంది. ముక్కు పక్కన, పెదాల చుట్టూ తెల్లగా పొట్టు లేస్తుంది. చాలా ఇళ్లలో దీనికి మందు వంటగదిలోనే వెతుకుతారు. ముల్తానీ మట్టిలోనో, శనగపిండిలోనో కాస్త నిమ్మరసం పిండి, ముఖానికి పట్టించి, ఆరి బీటలు వారేదాకా ఉంచి కడిగేస్తారు.

ఓ గంటసేపు ముఖం తేటగా కనిపిస్తుంది. సాయంత్రానికి పొట్టు మళ్లీ లేస్తుంది, ఈసారి మంట కూడా తోడవుతుంది. సరిగా పట్టలేదేమోనని మర్నాడు ఇంకో ప్యాక్ వేస్తారు.

ఇంట్లో చేసుకునే ప్యాక్‌లన్నీ పనికిరావని కాదు. పై ప్యాక్ జిడ్డు చర్మానికి సరిపోయేది. దాన్ని పొడి చర్మానికి వాడితే ఉన్న కాస్త నూనె కూడా పోతుంది. పొడి చర్మానికి వేసే ప్యాక్ మరో లెక్కన తయారవ్వాలి, మరో పద్ధతిలో వాడాలి.

చర్మం ఎందుకు పొడిబారుతుంది?

చర్మంలో అన్నిటికంటే పైనున్న పొర కాగితం కంటే చాలా పలచన. చర్మ శాస్త్రవేత్తలు దాన్ని ఇటుక గోడతో పోలుస్తారు. చదునుగా మారిన మృతకణాలు ఇటుకలైతే, వాటి మధ్య ఉండే సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సిమెంటు. ఒంట్లోని నీరు ఆవిరైపోకుండా ఆపేది ఈ గోడే. కణాల లోపల అమైనో ఆమ్లాలు, యూరియా, లాక్టిక్ ఆమ్ల లవణాల వంటివి ఉండి నీటిని పట్టి ఉంచుతాయి.

వేడినీళ్లు, సబ్బు ఈ సిమెంటును కరిగిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న చర్మం కాస్త ఆమ్ల గుణంతో, పీహెచ్ 5కు అటూఇటూగా ఉంటుంది. మామూలు స్నానపు సబ్బుల పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. కఠినత్వం ఎక్కువున్న బోరు నీళ్లతో కడిగితే సబ్బు అవశేషాలు చర్మం మీదే మిగిలిపోతాయి. వీటికి పొడిగాలి, ఏసీ గది తోడైతే గోడకు సందులు పడతాయి. వయసు పెరిగేకొద్దీ చర్మంలో నూనె ఊరడం తగ్గుతుంది కాబట్టి పెద్దవాళ్లకు ఈ ఇబ్బంది మరింత ఎక్కువ.

అంటే పొడి చర్మానికి కావలసినవి మూడు: నీటిని పట్టి ఉంచే పదార్థం, సందులు పూడ్చే కొవ్వు, ఆ తేమ ఎగిరిపోకుండా పైన ఓ పూత. ఏ ప్యాక్ గురించి విన్నా, అందులో ఈ మూడింటిలో ఏది ఉందని అడిగితే చాలావరకు తేలిపోతుంది.

ముల్తానీ మట్టి అసలు పని

ముల్తానీ మట్టికి ఆ పేరు ఇప్పుడు పాకిస్తాన్ పంజాబ్‌లో ఉన్న ముల్తాన్ నగరం మీదుగా వచ్చింది. మన దేశంలో ఇది రాజస్థాన్‌లోని బాడ్మేర్, బీకానేర్ ప్రాంతాల్లో దొరుకుతుంది. ఈ రకం మట్టిని ఇంగ్లీషులో ఫుల్లర్స్ ఎర్త్ అంటారు. గొర్రె ఉన్నితో నేసిన బట్టను ఉతికి మెత్తబరిచే వృత్తివారికి ఫుల్లర్లని పేరు. ఉన్నిలోని జిడ్డును లాగేయడానికి వాళ్లు వాడిన మట్టి కాబట్టే దానికి ఆ పేరు స్థిరపడింది.

చర్మం మీదా అది చేసే పని అదే. జిడ్డును పీల్చుకుంటుంది. మొటిమలు, జిడ్డు ఉన్న ముఖానికి అది మేలు. నూనెకే కరువున్న చర్మానికి అది నష్టం. పైగా ప్యాక్ ఆరుతున్న కొద్దీ అందులోని నీరు గాలిలోకి పోతుంది, పొర ముడుచుకుని చర్మాన్ని లాగుతుంది. ఆ బిగువునే చాలామంది చర్మం బిగుసుకుని యవ్వనంగా మారిందని అనుకుంటారు. కడిగేటప్పుడు ఆరిన పొరను రుద్దితే దాంతోపాటు పైపొర కూడా కొంత ఊడి వస్తుంది. శనగపిండి, బియ్యప్పిండి ఒక్కటే నీళ్లతో కలిపి పట్టించినా ఇదే జరుగుతుంది.

నలుగులో ముందు నూనె

మరి అమ్మమ్మలు తరతరాలుగా సున్నిపిండి వాడలేదా అన్న ప్రశ్న వస్తుంది. వాడారు. అయితే వాళ్లు పాటించిన వరుస వేరు. దీపావళికో, భోగికో తలంటు పోసేటప్పుడు ముందు ఒళ్లంతా నువ్వుల నూనె పట్టించేవాళ్లు. అది కాసేపు నానాక సున్నిపిండితో నలుగు పెట్టేవాళ్లు. పసిపిల్లల స్నానానికీ అదే వరుస. పిండి పని చర్మం మీద ఎక్కువైన నూనెను తీసేయడం. అది పోగా మిగిలిన పలచటి పూత స్నానం తర్వాత కూడా చర్మాన్ని కాపాడేది.

ఉత్తరాదిలో పెళ్లికి ముందు పెట్టే ఉబటన్‌లోనూ శనగపిండి, పసుపుతో పాటు మీగడో, ఆవనూనో కలుపుతారు. జిడ్డుగా ఉంటుందని నూనెను పక్కనబెట్టి పిండిని మాత్రం మిగుల్చుకోవడం ఈ మధ్య వచ్చిన మార్పు. పొడి చర్మం ఉన్నవాళ్లకు ఆ మార్పే ఇబ్బంది తెచ్చిపెడుతోంది.

ఏ నూనె మంచిది?

నూనెలన్నీ ఒకేలా పనిచేయవు. బ్రిటన్‌లో 19 మంది వయోజనుల మీద చేసి 2013లో ప్రచురించిన ఓ అధ్యయనంలో ముంజేతికి రోజూ రెండుసార్లు ఆలివ్ నూనె రాశారు. కొన్ని వారాల్లో చర్మపు రక్షణ పొర బలహీనపడింది. పొద్దుతిరుగుడు నూనె రాసినచోట పొర చెక్కుచెదరలేదు, తేమ పెరిగింది. పొద్దుతిరుగుడు నూనెలో లినోలేయిక్ ఆమ్లం ఎక్కువ. సెరమైడ్ల తయారీకి చర్మం వాడుకునేది దాన్నే. ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండే ఓలేయిక్ ఆమ్లం ఆ పొరలోని కొవ్వుల అమరికను చెదరగొడుతుంది. మన నువ్వుల నూనెలో ఈ రెండూ దాదాపు సమానంగా ఉంటాయి.

ఈ రక్షణ పొర విలువ ఎంతో ఢాకాలో జరిగిన ఓ పరీక్ష చూపించింది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు అక్కడి శిశు ఆసుపత్రిలో పొద్దుతిరుగుడు నూనె రాశారు. నూనె రాయని శిశువులతో పోలిస్తే వీరిలో ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్లు 41 శాతం తగ్గినట్టు 2005లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించింది. అది అందం కోసం చేసిన పరీక్ష కాదు. గోడ గట్టిగా ఉంటే సూక్ష్మజీవులు కూడా లోపలికి రాలేవని అది చెబుతోంది. ఆ ప్రాంతంలో ఎక్కువగా వాడే ఆవనూనె ఎలుకల మీద చేసిన పరీక్షల్లో చర్మం కోలుకోవడాన్ని ఆలస్యం చేసింది.

కొబ్బరి నూనెకూ ఆధారం ఉంది. ఫిలిప్పీన్స్‌లో 34 మంది మీద చేసి 2004లో ప్రచురించిన పరీక్షలో, కాళ్ల చర్మం పొడిబారినప్పుడు వర్జిన్ కొబ్బరి నూనె మినరల్ ఆయిల్‌తో సమానంగా పనిచేసింది. అయితే మొటిమలు వచ్చే ముఖానికి కొబ్బరి నూనె రాస్తే రంధ్రాలు మూసుకుపోవచ్చు.

ఇంట్లో చేసుకోదగ్గ నాలుగు ప్యాక్‌లు

ఓట్స్, పాలు: రుచులేవీ కలపని ఓట్స్‌ను మిక్సీలో మెత్తగా పొడి చేయాలి. రెండు చెంచాల పొడిలో మూడు చెంచాల గోరువెచ్చని పాలు, అర చెంచా తేనె కలిపి ఐదు నిమిషాలు నాననివ్వాలి. మెత్తగా పొడి చేసిన ఓట్స్‌ను చర్మ రక్షక పదార్థంగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2003లో గుర్తించింది. దురద ఉన్నవారికి నాలుగింటిలో ఇదే ముందు ప్రయత్నించదగ్గది.

పెరుగు, తేనె: పుల్లబడని గట్టి పెరుగు రెండు చెంచాలు, తేనె ఒక చెంచా. తేనె నీటిని పట్టి ఉంచుతుంది. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం పొట్టును మృదువుగా వదిలిస్తుంది. మంట అనిపిస్తే వెంటనే కడిగేయాలి.

అరటిపండు, మీగడ: బాగా మగ్గిన అరటిపండు సగం, మీగడ ఒక చెంచా ఉండలు లేకుండా మెదపాలి. ఇందులో అసలు పని మీగడలోని కొవ్వుదే. పండు దాన్ని ముఖం మీద నిలబెడుతుంది.

కలబంద, నూనె: ఆకు కోసి పావుగంట నిలువుగా పెడితే పసుపు రంగు పాలు కారిపోతాయి. చర్మానికి చికాకు కలిగించేది ఆ పాలే. తర్వాత ఆకు కడిగి, లోపలి గుజ్జు రెండు చెంచాలు తీసుకుని, అర చెంచా పొద్దుతిరుగుడు లేదా నువ్వుల నూనె కలిపి గిలకొట్టాలి.

ఎలా వేయాలి, ఎలా తీయాలి?

కొత్త ప్యాక్ ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు కాస్త రాసి, కడిగేసి, ఒకటి రెండు రోజులు చూడాలి. ఎర్రబడినా, దురద పెట్టినా అది ముఖానికి పనికిరాదు.

ముఖం గోరువెచ్చని నీళ్లతో తడిపి, ఆ తడి మీదే ప్యాక్ వేయాలి. పది నిమిషాలు చాలు. మధ్యలో ఆరుతున్నట్టు అనిపిస్తే తడి చేత్తో అద్దాలి. ఇంకా తడిగా ఉండగానే రుద్దకుండా, సబ్బు వాడకుండా కడిగేయాలి. మెత్తటి బట్టతో ఒత్తి, చెమ్మ ఉండగానే, రెండు మూడు నిమిషాల్లోపే మాయిశ్చరైజరో, కొన్ని చుక్కల నూనో, పెట్రోలియం జెల్లీయో పలచగా రాయాలి. ప్యాక్ ఇచ్చిన తేమను నిలిపేది ఈ చివరి మెట్టే. దీన్ని వదిలేస్తే అరగంటలో మళ్లీ మొదటికే వస్తుంది.

వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు వేస్తే సరిపోతుంది. మాయిశ్చరైజర్ మాత్రం రోజూ రాయాలి. ఏ పూటకు కావలసింది ఆ పూటే కలుపుకోవాలి. ప్రిజర్వేటివ్ లేని పాలు, పండ్ల మిశ్రమం నిల్వ ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి.

ముఖానికి పెట్టకూడనివి

నిమ్మరసం పీహెచ్ దాదాపు 2. సందులు పడిన చర్మాన్ని అది కాలుస్తుంది. నిమ్మజాతి పండ్లలోని కొన్ని రసాయనాలు ఎండ తగిలితే బొబ్బలు కూడా తెప్పిస్తాయి. మన చర్మఛాయకు ఇది మరింత ముఖ్యమైన విషయం. చామనఛాయ, నల్లని చర్మం మీద మంట చల్లారాక నల్లమచ్చ మిగులుతుంది, అది పోవడానికి నెలలు పడుతుంది. మచ్చలు పోవాలని రాసిన నిమ్మరసమే కొత్త మచ్చ మిగల్చవచ్చు. కొన్ని ఇళ్లలో సున్నిపిండిలో కలిపే బావంచాలలోనూ ఎండకు ప్రతిస్పందించే సోరాలెన్ ఉంటుంది. వాటిని ముఖానికి వాడకపోవడమే మేలు.

వంటసోడా, టూత్‌పేస్ట్, వెనిగర్, పంచదార లేదా అక్రోటు చిప్పల పొడితో చేసే స్క్రబ్‌లు పొడి చర్మానికి వద్దు. పచ్చి గుడ్డుతో సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం ఉంది.

పసుపు చిటికెడు మించకూడదు. పసుపు రంగు బాగా కనిపించడానికి లెడ్ క్రోమేట్ కలుపుతున్నారని బంగ్లాదేశ్‌లో పరిశోధకులు 2019లో బయటపెట్టారు. అందులోని సీసం విషం, క్రోమియం చర్మానికి అలర్జీ తెప్పిస్తుంది. కొమ్ములు కొని ఇంట్లో పట్టించుకున్న పసుపు నయం.

చర్మం చిట్లి, రసి కారుతుంటే ఆహార పదార్థం ఏదీ పూయకూడదు. తిండిలోని ప్రోటీన్లు దెబ్బతిన్న చర్మం గుండా లోపలికి వెళ్తే, తర్వాత ఆ తిండే పడకపోయే ప్రమాదం ఉంది. జపాన్‌లో గోధుమ ప్రోటీన్ కలిపిన ఓ ముఖం సబ్బు వాడినవారిలో 2 వేల మందికి పైగా గోధుమ అలర్జీ బారిన పడ్డారు. అంతకుముందు వాళ్లలో చాలామంది చపాతీలో, బ్రెడ్‌లో ఉండే ఆ గోధుమనే ఏ ఇబ్బందీ లేకుండా తిన్నవాళ్లు.

ప్యాక్‌లో మెడికల్ షాపు క్రీమ్ కలపడం మరో ప్రమాదకరమైన అలవాటు. తెల్లబరుస్తాయని పేరుపడిన చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన వారంలో ముఖం మెరుస్తుంది, నెలల్లో చర్మం పలచబడి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి. అందుకే 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది.

ప్యాక్‌తో తగ్గకపోతే

సబ్బు మాని, గోరువెచ్చని నీళ్లు వాడి, రోజూ మాయిశ్చరైజర్ రాస్తే మామూలు పొడిదనం రెండు మూడు వారాల్లో దారికొస్తుంది. అప్పటికీ తగ్గకపోయినా, దురదతో నిద్ర పట్టకపోయినా, ఎర్రటి మచ్చలు పొలుసులు కట్టినా అది తామర కావచ్చు, సోరియాసిస్ కావచ్చు. ఒళ్లంతా పొడిబారి, నీరసం, బరువు పెరగడం, జుట్టు రాలడం కలిసి వస్తే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. దాహం, మూత్రం ఎక్కువైతే షుగర్ చూపించుకోవాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు, బీపీకి మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు వాడేవారికీ చర్మం ఎండుతుంది. వారు మందు మానకుండా డాక్టర్‌తో మాట్లాడాలి.

ఇలాంటి లక్షణాలున్నప్పుడు ఒక ప్యాక్ తర్వాత ఇంకో ప్యాక్ మారుస్తూ నెలలు గడిపేస్తే, అసలు జబ్బు ఆ నెలలంతా ముదురుతూనే ఉంటుంది.