తీగె లేని కళ్ళెం

1898వ సంవత్సరంలో న్యూయార్కు నగరంలో, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో విద్యుత్ ప్రదర్శన ఒకటి జరిగింది. అక్కడ నీటితొట్టిలో చిన్న ఇనుప పడవ ఒకటి తేలుతూ ఉంది. నికొలా టెస్లా అనే శాస్త్రజ్ఞుడు దూరాన నిలబడి ఒక పెట్టె మీది పిడిని తిప్పేసరికి ఆ పడవ కదిలింది, మళ్ళింది, దాని దీపాలు వెలిగి ఆరాయి. పెట్టెకూ పడవకూ మధ్య దారప్పోగు కూడా లేదు. చూసినవారికి అది గారడీగా తోచిందంటే వింతేముంది? ఆ ఏడాది నవంబరు 8వ తేదీన టెస్లాకు దానిమీద పేటెంటు దక్కింది. ఈనాడు పొలాలమీద మందు చల్లే డ్రోనుకు ముత్తాత ఆ పడవే అనుకోవచ్చు.

ఆ గారడీని ఇప్పుడు హైస్కూలు పిల్లలు, పెద్దల సాయంతో, ఇంటి వసారాలో కూర్చుని చేయవచ్చును. తెలుగు పాఠాలు చెప్పుకునే పంతులుకు మోటార్లతో పనేమిటని అడుగుతారేమో. పడవ ముందుకొసను అణియం అన్నారు మనవాళ్ళు, వెనుకకొస అమరం, దారి మళ్ళించేది చుక్కాని. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాల్లో ఓడలు కట్టిన జాతి మనది. ఆ మాటలు నిఘంటువులో నిద్రపోకుండా పిల్లల నోట ఆడాలంటే వారిచేత పడవ కట్టించడంకన్న మంచి ఉపాయం ఏముంది?

ముందు లెక్క చూసుకోవాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు గల పడవ అనుకుందాం. మోటారు, బాటరీ అన్నీ కలిపి బరువు 1,200 గ్రాములు. తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని తొలగిస్తుందని ఆర్కిమిడీస్ ఏనాడో చెప్పాడు. అంటే 1,200 ఘనసెంటీమీటర్ల నీరు. పడవ అడుగు పీటలా చదునుగా ఉంటే ఒక్క సెంటీమీటరే మునుగుతుంది. కాని మన పడవకు అణియం కోసుగా, అడుగు వాలుగా ఉంటుంది కనుక ఇంకొంచెం లోతుగా దిగుతుంది. అయినా భయం లేదు.

ఒంటికి 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. అడ్డపలకలు నిలిపి, వాటిమీద రేకలు అతికి, బయట ఎపాక్సీ జిగురుతో పలచని గాజుగుడ్డ అంటించాలి. అమరం దగ్గర అడుగు అంచును నునుపుగా గుండ్రం చేయకూడదు. గుండ్రని అంచును నీరు వదలకుండా పట్టుకుంటుంది. పదునైన అంచు నీటిని తెంపి పంపిస్తుంది. పందెపు పడవ వేగం అందుకున్నాక నీటిని చీల్చుకుంటూ పోదు, నీటి మీదికి లేచి జారుతుంది. అణియం వైపు ఖాళీలో థర్మోకోల్ దట్టించండి. పడవ తిరగబడినా మునగదు.

బరువు ఎక్కడ నిలవాలనేది ముఖ్యం. అమరం నుంచి 18 సెంటీమీటర్ల దగ్గర వేళ్ళమీద ఆనిస్తే పడవ త్రాసులా నిలవాలి. బరువు ముందుకు ఎక్కువైతే ముక్కు నీటిని దున్నుతుంది. వెనక్కు ఎక్కువైతే పడవ గుర్రంలా ముందు లేచి వెల్లకిలా పడుతుంది. బాటరీని కొద్దిగా అటూ ఇటూ జరుపుకునేలా అమర్చుకోండి.

మోటారు మీద 2,000 కేవీ అని ఉంటే, ఒక్కొక్క వోల్టుకు నిమిషానికి 2,000 చుట్లు అని అర్థం. మూడు గదుల లిథియం బాటరీ ఇచ్చేది 11.1 వోల్టులు. అంటే 22,200 చుట్లు! ప్రొపెల్లరు ఒక చుట్టుకు 5.6 సెంటీమీటర్లు ముందుకు నెడితే గంటకు సుమారు 75 కిలోమీటర్ల వేగం తేలుతుంది. ఇది కాగితం మీది వేగం. నీటి బరువుకు చుట్లు తగ్గుతాయి, ప్రొపెల్లరు జారుతుంది. అసలు వేగం అందులో చాలా తక్కువ. అయినా ఒడ్డున నిలిచినవారికి గుండె జల్లుమంటుంది.

రేడియో 2.4 గిగాహెర్ట్‌జ్ మీద పనిచేసేది కొనండి. తక్కువ శక్తి పరికరాలకు ఈ తరంగాల మీద మన దేశంలో 2005 నుంచి లైసెన్సు అక్కరలేదు. ఈ తరంగాలు నీటిలో సాగవు కనుక పడవలోని ఏరియల్ కొసను గొట్టంలో దూర్చి పైకి నిలపాలి. రిసీవరును రబ్బరు బుడగలో పెట్టి మూతి బిగిస్తే తడి తగలదు. చేతిపెట్టె ఆపివేయగానే మోటారు తానే ఆగిపోతుందో లేదో, పడవను గట్టిగా పట్టుకుని ఒడ్డునే పరీక్షించండి. ఆ ఏర్పాటు లేని పడవను నీటిలోకి వదలనే కూడదు.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినవి మూడున్నాయి. లిథియం బాటరీని దాని చార్జరుతోనే, గచ్చు మీద, ఎదురుగా మనిషి ఉండగా చార్జి చేయాలి. ఉబ్బిన బాటరీని ఇక వాడకూడదు. అది అంటుకుంటే ఇల్లే అంటుకోవచ్చు. రెండోది ప్రొపెల్లరు. బాటరీ తగిలించి ఉన్నంతసేపు అది కత్తే. మనుషులు, పశువులు దిగే చోట పడవను వదలరాదు.

మూడోది అన్నిటికన్న పెద్దది. 5 ఆంపియర్-గంటల బాటరీ, 50 ఆంపియర్లు తాగే మోటారుకు ఆరు నిమిషాల్లో వట్టిపోతుంది. అంచేత నాలుగో నిమిషానికే పడవను ఒడ్డుకు మళ్ళించాలి. మన చెరువుల్లో నాచు, గుర్రపుడెక్క ఉండనే ఉన్నాయి. ప్రొపెల్లరుకు చుట్టుకుంటే పడవ నడిచెరువులో ఆగిపోతుంది. అప్పుడు ఎంత ఈతగాడైనా నీటిలోకి దిగకూడదు. పడవను పట్టిన నాచే కాళ్ళనూ పడుతుంది. బంతికి గాలపు దారం కట్టి పడవ అవతలికి విసిరి లాగండి. అందకపోతే గాలివాలుకు వచ్చేదాకా కూర్చోండి.

పడవ పోతే మరొకటి కట్టుకోవచ్చును. ఈ మాట పిల్లలకు పడవ కట్టకముందే చెప్పి, సరేననిపించుకుని, అప్పుడు ప్లైవుడ్ కొనడానికి బజారుకు వెళ్ళండి.