అడుగుకి ఎంతండీ?

పెళ్లికి వెళ్తే బంతి దగ్గర, పరామర్శకి వెళ్తే గుమ్మంలోనే ఎవరో ఒకరు పట్టుకుంటారు. "స్లాబు పని అడుగుకి ఎంత పడుతోందండీ?" అని. ఒక అంకె చెబితే సంతోషం. "మట్టి చూడాలండీ, దారి చూడాలండీ" అన్నానా, వీడికి పని రాదేమో అన్నట్టు చూస్తారు. అడిగేది ఇల్లు కట్టుకునేవాళ్లయితే పోనీ అనుకోవచ్చు. కొత్తగా కాంట్రాక్టులోకి దిగిన కుర్రాళ్లు కూడా ఆ ఒక్క అంకె పట్టుకుని ఏలూరు నుంచి కొల్లేరు దాకా పనులు ఒప్పేసుకుంటున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడ.

మా వైపు వంటమేస్త్రులు కూడా ఆకుకి ఇంత అనే మాట్లాడతారు. కానీ ఆ మాట అనే ముందు మేస్త్రి ఎన్ని ప్రశ్నలు వేస్తాడో చూడండి. ఆకులు ఎన్ని? రకాలు ఎన్ని? గిన్నెలూ గుండిగలూ మీవా నావా? గాడిపొయ్యికి చోటుందా? నీళ్లు ఎంత దూరం? అన్నీ విని, మనసులో సరుకు జాబితా వేసుకుని, మొత్తం తేల్చి, దాన్ని ఆకులతో భాగించి అప్పుడు చెబుతాడు. ఆకు రేటు ఆఖరున వచ్చేది. మనవాళ్లు దాంతోనే మొదలుపెడతారు. వంద ఆకుల ఉపనయనానికీ రెండు వేల ఆకుల పెళ్లికీ ఒకటే రేటు చెప్పే వంటమేస్త్రి ఎవరైనా ఉంటే, వాడు రెండో సీజన్‌కి గరిట పట్టడు.

నేనూ ఒకప్పుడు ఆ బాపతే. గూడెంలో ఒక ఇంటి పనిలో డబ్బు బాగా మిగిలింది. అంటే మీరు మ్యాపులో తాడేపల్లిగూడెం అని చూసేదే. అదే రేటుకి కొల్లేటి లంక ఊళ్లో అదే ప్లాను ఇల్లు ఒప్పుకున్నాను. కంకర లారీ చెరువు గట్టు మొదట్లో ఆగిపోయింది. ముందుకెళ్తే గట్టు కుంగుతుందని డ్రైవరు దిగి చూసి, బీడీ ముట్టించి కూర్చున్నాడు. కంకరంతా అక్కడే దింపించి, మళ్లీ ట్రాక్టర్లకి ఎత్తించి, ఊళ్లో మళ్లీ దింపించాను. ఒకే రాయికి మూడుసార్లు కూలి. పునాది గుంటల్లో తెల్లారేసరికి మోకాలి లోతు ఊట. రెండు మోటార్లు అద్దెకి. పైన కనపడే ఇల్లు గూడెంలోదీ ఇక్కడిదీ ఒక్కటే. నన్ను ముంచింది కింద కనపడని ఇల్లు.

గూడెం మెట్టకీ డెల్టాకీ సరిహద్దు లాంటిది. ఒక పక్క ఎర్రనేల, ఏలూరు కాలువ కింద వరి మడి నేల. దక్షిణానికి దిగే కొద్దీ నల్లమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. మామూలు ఫుటింగు దాని మీద పెడితే ఏడాదికోసారి ఇంటిని ఎత్తి దించుతుంది. అలాంటి నేల కోసం రూర్కీలోని సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అండర్‌రీమ్డ్ పైల్స్ మీద చాలా పని చేసింది. బోరు అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బు చేస్తారు, సాధారణంగా బోరు వ్యాసానికి రెండున్నర రెట్లు. ఆ ఉబ్బులోకి ఎంత కాంక్రీటు పోతుందో అడుగు రేటుకి తెలియదు. సాయిల్ టెస్ట్ లేకుండా పునాదికి ధర చెప్పడం జాతకం చెప్పడమే. ఇంకో మాట. కొల్లేరులో అయిదో కాంటూరు వరకు 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ గీత లోపల పనంటే ముందు అనుమతి కాగితం చూడండి. 2006లో చెరువు గట్లు కొట్టేసినప్పుడు ఎవరి పెట్టుబడులు ఏమయ్యాయో ఆ ఊళ్లవాళ్లే చెబుతారు.

ఇక లెక్క. 30 అడుగులకి 40 అడుగుల స్లాబు, 5 అంగుళాల మందం. బీముల సంగతి వదిలేద్దాం. 1200 చదరపు అడుగులు, 500 ఘనపుటడుగుల కాంక్రీటు. ఎం20 అంటే ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. మొత్తం అయిదున్నర పాళ్లు. కొత్తవాడు 500ని అయిదున్నరతో భాగిస్తాడు. 91 ఘనపుటడుగుల సిమెంటు, బస్తాకి అడుగుంపావు చొప్పున 73 బస్తాలు అంటాడు. స్లాబు రోజు మధ్యాహ్నం మూడింటికి సిమెంటు అయిపోతుంది. ముఠా మిల్లరు ఆపి చెట్టు కింద కూర్చుంటుంది.

ఎందుకు? కుంచం నిండా నిమ్మకాయలు పోయండి. మీద ఆవాలు పోయండి. పొంగి కింద పడవు, సందుల్లోకి జారతాయి. మీద కాస్త పిండి చల్లండి, అదీ లోపలికే. నీళ్లు పోయండి, అవీ లోపలికే. విడివిడిగా కొలిస్తే కుంచం మీద అరకుంచం దాటినా, కలిపాక కుంచమే. అందుకే తడి కాంక్రీటు కొలతని 1.54తో గుణించి పొడి సరుకు లెక్క వేస్తారు. 500 కాస్తా 770 అవుతుంది. సిమెంటు 140 అడుగులు, అంటే 112 బస్తాలు. ఇసుక 210. కంకర 420. కొత్తవాడు మరిచిపోయింది 39 బస్తాలు. బస్తా 350 అనుకున్నా 13,650 రూపాయలు, సిమెంటు ఒక్కదానిలోనే.

అక్కడితో అయిపోలేదు. ఇసుక ఇంకో మాయలాడి. 210 అడుగులంటే రెండు యూనిట్ల పైచిలుకు అని తెప్పిస్తారు. కానీ గోదావరి నుంచి వచ్చేది చెమ్మ ఇసుక. ప్రతి రేణువు చుట్టూ సన్నటి నీటి పొర పట్టి, పక్క రేణువుని దగ్గరకి రానివ్వదు. పెళ్లి పందిట్లో కుర్చీకీ కుర్చీకీ మధ్య తువ్వాలు వేసి చోటు ఆపినట్టు. ఇసుక ఉబ్బి కనపడుతుంది. సన్న ఇసుకైతే మరీను. లారీలో కొలిచి డబ్బు కట్టింది ఇసుకకి కాదు, ఆ తువ్వాళ్లకి. ఎంత ఉబ్బిందో చూడటానికి ఇంజనీరు అక్కర్లేదు. పొడుగాటి గాజు గ్లాసులో చెమ్మ ఇసుక వదులుగా 20 సెంటీమీటర్ల ఎత్తు పోయండి. ఇసుక మునిగే దాకా నీళ్లు పోసి, ఇనుప చువ్వతో బాగా కలిపి వదిలేయండి. రేణువుల మధ్య పొర తెగి ఇసుక కిందకి కూర్చుంటుంది. పూర్తిగా తడిసిన ఇసుక ఉబ్బదు, అదే దీని చమత్కారం. 16 దగ్గర ఆగిందనుకోండి, తగ్గిన 4ని 16తో భాగిస్తే 25 శాతం ఉబ్బు. మీకు కావలసింది 210 కాదు, 262. ఈ పరీక్ష చేస్తుంటే లారీ డ్రైవర్లు నన్ను చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి.

"ఇసుక ఉచితమే కదండీ" అనేవాళ్లకి ఒక్క మాట. 2024 జూలై నుంచి రాష్ట్రంలో ఉచిత ఇసుక విధానం ఉంది. ఇసుక ఉచితం, ఎత్తుడు కూలి ఉచితం కాదు, లారీ డీజిలు ఉచితం కాదు.

ఇనుము లెక్క సులువు. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. అతుకులూ ముక్కల నష్టమూ కలపండి, చాలు. సెంట్రింగ్‌కి స్లాబు అడుగులు మాత్రమే కాకుండా బీము పక్కలు కూడా కొలవండి. నీళ్ల దగ్గర మాత్రం ఆగాలి. కొల్లేరు పక్కన చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఇనుము వేసిన కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడ్లు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 చెబుతోంది. కలపడానికి బస్తాకి 30 లీటర్లు చొప్పున 112 బస్తాలకి 3,360 లీటర్లు, ఒక ట్యాంకరుతో సరి. కానీ తర్వాత వారం పది రోజులు స్లాబు మీద మడి కట్టి తడపాలి. ఆ ట్యాంకర్లు ఎవరూ లెక్క రాయరు. రాయరు కాబట్టి తడపరు.

కూలీ ఖర్చు మూఢం మీద ఆధారపడుతుందంటే నమ్ముతారా? శుక్ర మూఢమంటే శుక్రుడు సూర్యుడి దగ్గరకి జరిగి మన కంటికి కనపడని రోజులు. అంతే. శుక్రుడు కనపడకపోతే సిమెంటు గట్టిపడటం మానదు. సిమెంటుకి తెలిసిన ముహూర్తం ఒక్కటే, నీళ్లు తగిలాక అది బిగుసుకునే లోపు పోసెయ్యడం. కానీ శంకుస్థాపనలన్నీ మూఢం పోగానే ఒక్క వారంలో పడతాయి. పునాదులన్నీ కలిసి లేస్తాయి, స్లాబులన్నీ ఒకే పక్షంలో వస్తాయి. ముఠా మేస్త్రి అప్పుడు ఫోను ఎత్తడు, ఎత్తితే రేటు పెంచుతాడు. వంటమేస్త్రి కూడా అంతే, లగ్గసరి వస్తే ఆకు మీద పెంచుతాడు. కాబట్టి అంచనా వేసేవాడు పంచాంగం చూడాలి. భక్తితో కాదు, కూలీ కోసం.

వంటకీ మన పనికీ ఒక్క చోట తేడా ఉంది. మిగిలిన పులిహోర చుట్టాలకి పొట్లాలు కట్టొచ్చు. మిగిలిన కాంక్రీటు తెల్లారేసరికి పెరట్లో బండరాయి.

ఇక లాభం. అన్ని ఖర్చులూ కలిపి 8 లక్షలయ్యాయి. 20 శాతం వేసి 9 లక్షల 60 వేలు చెప్పారు. లాభం 20 శాతం అనుకుంటున్నారు గానీ, వచ్చే బిల్లులో అది 16.67 శాతమే. బిల్లులో 20 మిగలాలంటే 8 లక్షలని 0.8తో భాగించి 10 లక్షలు చెప్పాలి. యజమాని కాఫీ ఇచ్చి, "ఏంటి మేస్త్రీ, పది శాతం చూసుకో" అంటాడు. మొహమాటానికి సరే అంటారు. బిల్లు 8 లక్షల 64 వేలకి దిగింది. మీ లాభం లక్షా 60 వేలది 64 వేలకి దిగింది. ఆయన అడిగింది పది శాతం, మీరిచ్చింది మీ లాభంలో 60 శాతం. ఆ కాఫీ ఖరీదు 96 వేలు.

పోటీలో అందరికన్నా తక్కువ చెప్పి పని గెలిచినవాడికి సంబరం కన్నా భయం ఎక్కువ ఉండాలి. పదిమంది నిజాయితీగా లెక్క వేస్తే కొందరివి ఎక్కువ వస్తాయి, కొందరివి తక్కువ. పని ఎవరికి? తక్కువ వచ్చినవాడికి. అంటే ఎక్కువ సంగతులు మరిచిపోయినవాడికి. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు బ్లాకుల వేలంలో కంపెనీలు ఇలాగే దెబ్బ తిన్నాయని 1971లో అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ ఇంజనీర్లు కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ లెక్కలతో చూపించారు. అక్కడ ఎక్కువ పాడినవాడికి నష్టం, ఇక్కడ తక్కువ పాడినవాడికి. చేపల చెరువు లీజు వేలంలో ఆఖరి పాట పాడి, ఇంటికెళ్లాక నిద్ర పట్టనివాళ్లకి ఇది చమురు బావి దాకా వెళ్లకుండానే తెలుసు. గవర్నమెంటు టెండర్లలో "ఎంత లెస్ వేశావు" అని గొప్పగా చెప్పుకునేవాళ్లనీ నేను చూశాను. ఆ లెస్ ఎక్కడి నుంచి తీశావని అడిగితే జవాబు రాదు.

నేనిప్పుడు కొటేషన్ రెండు కాగితాలు రాస్తాను. మొదటిది చేసేవాటికి, రెండోది చేయనివాటికి. ఊట తోడటం యజమానిది. లారీ ఆగిన చోటు నుంచి రెండో ఎత్తుడు యజమానిది. తడిపే నీళ్ల ట్యాంకర్లు యజమానివి. సాయిల్ టెస్ట్ వచ్చే దాకా పునాదికి ధర లేదు. ఈ ధర పదిహేను రోజులే. ఆఖరి వాక్యం 2025 సెప్టెంబరు తర్వాత కలిపాను. ఆ నెల 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగితే, పొద్దున్నే యజమానుల ఫోన్లు, "తగ్గింది కదండీ, మరి?" అని. అంతకు ముందు ఇనుము పెరిగినప్పుడు ఒక్కరూ చెయ్యలేదు. వంటమేస్త్రి ఈ రెండో కాగితం ఎప్పుడో కనిపెట్టాడు. ఐస్‌క్రీమూ కిళ్లీలూ మీవే బాబూ, అని ముందే అనేస్తాడు.