మీకు తెలుసా? ‘కరెంటు’ పెట్టించుకున్నాక కడుపులో ఏం జరుగుతుంది

● కాటారం లాంటి ఊళ్లలో కేన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ అంటే చాలామందికి తెలియదు. ‘కరెంటు పెట్టించుకున్నం’ అంటేనే తెలుస్తుంది. ఆ కిరణాలు వేగంగా విభజన చెందే కణాలనే ఎక్కువగా చంపుతాయి. కేన్సర్ కణాలు అలాంటివే, పేగు లోపలి పొర కణాలూ అలాంటివే. చిన్నపేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజుల్లో మొత్తం కొత్తగా పుడుతుంది మరి! అందుకే గర్భాశయ ముఖద్వారానికో, ప్రొస్టేట్‌కో, మలాశయానికో రేడియేషన్ ఇస్తున్నప్పుడు రెండో మూడో వారానికి నీళ్ల విరేచనాలు, కడుపునొప్పి, వికారం మొదలవుతాయి. చికిత్స ముగిసిన కొన్ని వారాల్లో చాలామందికి తగ్గిపోతాయి.

● ఎక్స్ కిరణాలను రాంట్‌జెన్ కనుగొన్నది 1895లో. వాటివల్ల పేగు దెబ్బతింటుందని డేవిడ్ వాల్ష్ అనే వైద్యుడు 1897లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. అదే 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తర్వాతి కాలంలో కేన్సర్‌కు మెథోట్రెక్సేట్ మందు తయారుచేసింది. అది కూడా నోటిని, పేగును పుండు చేస్తుంది. కారణం ఒక్కటే, వేగంగా పెరిగే కణాలపై దెబ్బ.

● రేడియేషన్ గదిలోకి పంపే ముందు నీళ్లు తాగించి, మూత్రం ఆపుకోమంటారు. ఎందుకో తెలుసా? నిండిన మూత్రాశయం చిన్నపేగును పైకి నెట్టి కిరణాల దారి నుంచి తప్పిస్తుంది. ఇబ్బందిగా ఉందని ముందే మూత్రానికి వెళ్లి వస్తే నష్టపోయేది మన పేగే.

● అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. రేడియేషన్ దెబ్బ ఆరు నెలలకో, రెండేళ్లకో, ఒక్కోసారి పదేళ్లు దాటాక కూడా బయటపడుతుంది. పేగు గోడలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోయి, గోడ గట్టిపడుతుంది. దానిమీద పలచటి కొత్త నాళాలు పుట్టి, ముక్కితే చాలు చిట్లుతాయి. మలంలో రక్తం పడుతుంది. ఇంట్లోవాళ్లు మొలలనుకుంటారు. మొలలకు సూదులు వేసేవాళ్ల దగ్గరికి, కాల్చేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తారు. రక్తప్రసరణ తగ్గిన ఆ చోట చేసిన గాయం మానదు. పుండు పెద్దదై, మలాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడే ప్రమాదం ఉంది. అనుభవమున్న వైద్యులు ఆ చోట ముక్క తీసి పరీక్షకు పంపడానికే వెనకాడతారు. దీనికి వేరే చికిత్సలున్నాయి: సుక్రాల్ఫేట్ ఎనిమా, ఎండోస్కోపీ ద్వారా ఆర్గాన్ ప్లాస్మాతో రక్తనాళాలను మూయడం. అయితే రక్తం ప్రతిసారీ రేడియేషన్ వల్లనే అనుకోవడమూ తప్పే. కేన్సర్ తిరగబెట్టలేదని పరీక్షతో తేల్చుకోవాలి.

● చిన్నపేగు చివరి భాగం దెబ్బతింటే బి12 విటమిన్ ఒంటికి పట్టదు. ఏళ్లు గడిచాక నీరసం, కాళ్ల తిమ్మిర్లు వస్తే వయసు మీద నెట్టేయకుండా రక్తపరీక్ష చేయించాలి. బీడీ తాగేవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, ఇదివరకే కడుపు ఆపరేషన్ అయినవాళ్లకు పేగు దెబ్బతినే అవకాశం ఎక్కువ.

● విరేచనాలు పడుతున్న రోజుల్లో మక్క గట్క, పచ్చి కూరగాయలు, కారం, కల్లు పడవు. మెత్తటి అన్నం, గంజి, ఓఆర్ఎస్ నీళ్లు మేలు. పాలు పడకపోతే కొన్నాళ్లు మానాలి, పలచటి మజ్జిగ చాలామందికి సరిపోతుంది.

● హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి 1955 నాటిది. గుజరాత్ తొలి గవర్నర్‌గా పనిచేసిన మెహదీ నవాజ్ జంగ్ పేరే దానికి పెట్టారు. పొత్తికడుపు రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు సాగుతుంది. కాటారం నుంచి అక్కడికి రోజూ వచ్చిపోయే దూరం కాదు. విరేచనాలు తట్టుకోలేక మధ్యలో ఇంటికి వెళ్లిపోయేవాళ్లను తలచుకుంటే బాధేస్తుంది. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌లో లోపల పెట్టే రేడియేషన్‌తో కలిపి మొత్తం ఎనిమిది వారాల్లో పూర్తి కావాలి. ఆలస్యమైన కొద్దీ జబ్బు తగ్గే అవకాశం తగ్గుతుంది. విరేచనాలకు మందులున్నాయి, డాక్టరుకు చెప్పండి. చికిత్సకు వెళ్లొచ్చే కేన్సర్ రోగులకు, తోడు వెళ్లేవారికి రైలు టికెట్‌లో రాయితీ ఉంది. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం అడిగి తీసుకోండి.

● ఇంట్లో ఎవరికైనా రేడియేషన్ అయి ఉంటే ఆ డిశ్చార్జ్ కాగితాన్ని పారేయకండి. పదేళ్ల తర్వాత కడుపునొప్పితో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితం చూపించి, ‘కరెంటు పెట్టించుకున్నం’ అని చెప్పండి.